యాభయ్యో అధికరణం, ఏడో ముఠా

గుంటూరు మిర్చి యార్డుకి ఎదురుగా
మెట్ల కింద గదిలో నా బల్ల. బల్ల మీద రెండు ఫైళ్లు.
మొన్నమొన్నటిదాకా ఒకటే ఉండేది.
అదే తేజా కాయ, అదే కోల్డ్ స్టోరేజీ చలి,
రాటర్‌డ్యామ్‌కి ఒక కాగితం, ఫెలిక్‌స్టోకి ఇంకో కాగితం.
"ఆళ్లిద్దరూ ఏరుపడ్డారు గదయ్యా" అంటారు పూర్ణయ్య గారు,
పక్కవీధి అన్నదమ్ముల సంగతి చెప్పినట్టే.

ఏరుపడటానికీ చట్టం ఉందట. వెతికి చదివాను.
యాభయ్యో అధికరణం, ఐదే పేరాలు.
పోవాలనుకున్న దేశం తన పద్ధతిలో తాను తేల్చుకోవాలి,
తేల్చుకున్నాక ఉత్తరం రాయాలి.
రాసిన రోజు నుంచి రెండేళ్లు.
ఒప్పందం కుదిరినా కుదరకపోయినా గడియారం ఆగదు.
గడువు పెంచాలంటే
మిగిలినవాళ్లంతా, ఒక్కరు తగ్గకుండా, ఊఁ అనాలి.
పోయేవాడి గురించి మాట్లాడుకునే గదిలో
వాడికి కుర్చీ ఉండదు.

ఆ వాక్యం దగ్గర టీ చల్లారిపోయింది.

ఇంకో టీకి బయటికెళ్తే
దేవసహాయం మేస్త్రి టిక్కీల మీద కూచుని ఉన్నాడు,
భుజాన తువ్వాలు తన రంగు మరిచి కాయ రంగుకొచ్చింది.
ఏడో ముఠాలో పద్దెనిమిది మంది.
ఇస్సాకు పోతానంటున్నాడట,
మంగళగిరి దగ్గర గోడౌన్లో వాచ్‌మన్ పనికి. మోకాళ్లు.
"మీలోంచి పోవాలంటే రూలేంటి మేస్త్రీ?"
నవ్వాడు, తుమ్మాడు, తువ్వాలుతో ముక్కు తుడుచుకుని మళ్లీ నవ్వాడు.
"రూలేముంది సారూ. సీజను మధ్యలో పోగూడదు.
అడ్వాన్సు వాడుకుంటే తీర్చి పోవాలి.
చీటీ పాడుకున్నోడు ఆఖరి వాయిదాదాకా కట్టాలి,
ఊరు మారినా సరే.
కొక్కెం వాడిది. తాడు ముఠాది.
ఆఖరి రోజు అందరితో సమానంగా మొయ్యాలి,
ఒక టిక్కీ ఎక్కువ మోసి మమ్మల్ని ఏడిపించగూడదు."
"మళ్లీ వస్తానంటే?"
"వరసలో చివర. కొత్తోడి వెనక."

ఐదో పేరాలోనూ అదే ఉంది.
ఆయనకి చెప్పలేదు. చెబితే
ఆ దేశాలవాళ్లు ఏ యార్డులో పనిచేశారని అడుగుతాడు.

మా సంగతి వేరు. మేం ఉత్తరం రాయలేదు,
చట్టమే మా ఇంటికొచ్చింది.
బెజవాడలో మా బావగారు ఇప్పటికీ
తన పాత సంస్థ తొమ్మిదో షెడ్యూలా పదో షెడ్యూలా అని
వచ్చినవాళ్లందర్నీ అడుగుతాడు,
కాఫీ ఇచ్చేముందు.

వెళ్లిపోయిన దేశం ఏం చేసిందనుకున్నారు?
పాత ఇంటి రూళ్లన్నీ కూచుని ఎత్తి రాసుకుంది,
పేరు మార్చి, ముద్ర మార్చి.
కాయలో బూజు విషం ఎంత ఉండొచ్చో ఆ అంకె అలాగే ఉంది,
కిలోకి పది మైక్రోగ్రాములు, ఈ ఫైల్లోనూ ఆ ఫైల్లోనూ.
ఫీజులు మాత్రం రెండయ్యాయి.
రేపు ఇస్సాకు కూడా గోడౌను గేటు దగ్గర కుర్చీలో కూచుని
ఎవరో బస్తా ఎత్తుతుంటే
తను ఊపిరి బిగపడతాడు.

సాయంత్రం లారీ కదిలాక ముఠా కూచుంది లెక్కకి.
ఇస్సాకు లేడక్కడ. రోడ్డవతల,
పంక్చరు షాపు నీడలో నిలబడి
అరచేతిలో కొక్కెం తిప్పుకుంటూ
ఇటు చూడనట్టు చూస్తున్నాడు.
పదిహేడు టీలు చెప్పాడు మేస్త్రి.
కుర్రాడు సగం దూరం వెళ్లాక
"ఒరే" అని పిలిచి, ఏమీ అనకుండా
ఒక వేలు చూపించాడు.

నేను లోపలికొచ్చి రెండో ఫైలు తెరిచాను.
రెంటి మీదా ఒకే ఎర్ర దుమ్ము.
ఊదితే
నాకే దగ్గొచ్చింది.