కళ్ళం

ట్రాలీ మీద, దుప్పటి చుట్టి, తాడు బిగించి,
జబ్బుపడ్డ మేకను తెచ్చినట్టు తెచ్చింది
దోనా గ్రసియెత్ తన మెషీన్ని.
పోర్తో రాళ్ళ వీధి ఎక్కేసరికి ఆవిడకే ఆయాసం.
"మళ్ళీ బిగుసుకుపోయింది బెల్మీరూ,
మూడొందలో పలక దగ్గర."

రేవు పక్కన పాత సార్డీన్ల కార్ఖానా ఒకటుంది.
వచ్చే నెల కూల్చేస్తారు.
దాని వాకిలి గోడ నిండా నీలి పలకలు,
రెండు వేల మూడు వందల పన్నెండు.
అరవై ఏడేళ్ళ మనిషి, నిచ్చెనెక్కి
ఒక్కోదాన్నీ ఫోటో తీసింది.
వాటిని కుట్టి మళ్ళీ గోడ చెయ్యాలంటే
అన్నింటినీ ఒక్కసారే ఎదురుగా పరుచుకోవాలి కంప్యూటర్.
ఉన్నది పదహారు జీబీ.
పీట మీద పెళ్ళివంట.

"డిస్కులో బోలెడు చోటుందిగా?"
ఉంది. అది గాదె.
మీన్యు కొండల్లో మా అమ్మమ్మ వాళ్ళ మొక్కజొన్న గాదె
ఎలుకలకందకుండా రాతి కాళ్ళ మీద నిలబడేది.
దాని ముందు బండలు పరిచిన కళ్ళం.
గాదె ఎంత పెద్దదైతేనేం,
ఒక పూట నూర్పిడి కళ్ళం పట్టినంతే.
"మీకు కావలసింది కళ్ళం."

ఆ మాట కోసమే ఆగినట్టు
సంచిలోంచి ఒక ఉన్ని సాక్సు తీసింది.
అందులో నాలుగు మెమరీ కడ్డీలు,
వేలంలో చవగ్గా కొన్నానని కాస్త గర్వం.

పెట్టాను.
మూడు కూతలు. ఆ పైన నిశ్శబ్దం.
మళ్ళీ పెట్టాను. మళ్ళీ మూడు.
అవి సర్వర్ల జాతి.
అదే పొడుగు, అదే గాటు, అవే బంగారు పళ్ళు,
కానీ నడుమ ఒక గుమాస్తా చిప్పు లేందే నోరు విప్పవు.
ఈ బోర్డుకి గుమాస్తాలంటే గిట్టదు.
చెప్పాను.
ఒక్కొక్కటే సాక్సులోకి తిరిగి జార్చింది,
చేపపిల్లల్ని నీళ్ళలోకి వదిలినట్టు.

బుధవారం, ఒక బీమా ఆఫీసు నేలమాళిగలో
చచ్చిన మెషీన్లు రెండు దొరికాయి నాకు.
వాటి ఎముకల్లోంచి ఎనిమిది కడ్డీలు, ఒకే జాతివి.
పెన్సిల్ రబ్బరుతో పళ్ళు తోమాను.
ముందు ఇనుప పెట్టెను ముట్టుకుని
ఒంట్లో ఉన్న చిన్న మెరుపుని దింపేసుకుని,
రెండు కొసలా రెండు బొటనవేళ్ళు.
టక్. టక్.
ఎనిమిదో గాడి నా వేలు కోసింది.

స్విచ్ వేస్తే తెర నల్లగానే ఉంది.
ఫ్యాన్లు మాత్రం ఊరంతా వినేలా.
ఒక నిమిషం. రెండు.
ఆవిడ నా మొహం చూడకుండా నారింజ ఒలుస్తోంది,
తొక్క తెగకుండా, ఒకే రిబ్బనుగా.
"పోయిందా?"
"లెక్కపెట్టుకుంటోంది. కొత్తవాళ్ళు కదా."
నారింజ సగం నాకు పెట్టింది.
తొనలు అయిపోయాక వచ్చింది అంకె.
నూట ఇరవై ఎనిమిది.

అప్పుడు వచ్చింది గోడ.
మూడొందలు దాటింది, వెయ్యి దాటింది,
పడవలు, వలలు, నెత్తిన గంపల ఆడవాళ్ళు,
ఒకామె నోరు తెరిచి ఎవర్నో తిడుతోంది.
కింది వరసలో, ఎడమ నుంచి పదిహేడో పలక
తలకిందులుగా ఉంది.
అక్కడొక్కచోట అల ఒడ్డు నుంచి సముద్రానికి పోతోంది.
నిచ్చెన మీద అంత దగ్గర్నుంచి ఆవిడకి కనబడలేదు.
నీలం నీలమే కదా.

"భోజనమయ్యాక అతికించుంటాడు," అంది,
"వైన్ తాగి."
తిప్పడానికి ఒక్క మీట చాలు.
వేలు దాని మీదికి వెళ్ళింది, ఉంది, ఉంది,
పక్కకి జరిగి
సేవ్ నొక్కింది.

సాయంత్రం ఆపేశాం.
ఆ ఎనిమిది కడ్డీల్లో ఇప్పుడు ఒక్క అల లేదు,
తిట్టే ఆడమనిషి లేదు.
అమ్మమ్మ మా చేత కళ్ళం ఊడిపించేది
గింజ మిగలకుండా.
అయినా పిచ్చుకలు వచ్చేవి.

డబ్బులతోపాటు సాక్సు కూడా బల్ల మీద పెట్టింది,
ఎవరికైనా పనికొస్తాయేమోనని.
ఇంకా నా సొరుగులోనే ఉంది, బూడిదరంగు,
మడమ దగ్గర ఎర్ర దారంతో కుట్టినది.
రెండోది ఆవిడ దగ్గరే ఉండాలి.
చలికాలం లోపు ఇచ్చెయ్యాలి.