తీగ మీద జట్టు

రేడియోలో ఇద్దరు పెద్దమనుషులు
పొద్దుట్నించీ మమ్మల్ని లెక్కగడుతున్నారు.
గ్రూపులో నాలుగు జట్లు,
మాది నాలుగోదట.
మొదటి ఆటలోనే
కేప్ వెర్డేని ఉతికి ఆరేస్తారట.

అయ్యా, ఆ పని నాది.
పంతొమ్మిదేళ్లుగా ఈ దీవుల చొక్కాలు ఉతికేదాన్ని,
బెలార్మినాని.
ఉతకడమంటే ఏమిటో, ఆరేయడమంటే ఏమిటో
ప్రాయా ఊళ్లో ఎవరైనా
నన్నడిగి మాట్లాడాలి.

ముందు నీళ్ల సంగతి.
ఇక్కడ వాన చుట్టం కూడా కాదు,
చుట్టం ఫొటో.
సముద్రంలోంచి ఉప్పు తీసి,
తీసినందుకు డబ్బు పుచ్చుకుని
పొద్దున రెండు గంటలు కుళాయిలోకి వదుల్తారు.
ఇరవై మూడు చొక్కాలు, ఇరవై మూడు లాగూలు.
మేజోళ్లు లెక్కపెట్టను, ఎప్పుడూ ఒకటి తగ్గుతుంది.
బకెట్లు పది దాటితే
ఫెడరేషన్ గుమాస్తా సిల్వీను మొహం ముడుచుకుంటుంది.
ఆఖరి జాడింపు నీళ్లు బొప్పాయి మొక్కకి.
సబ్బు రుచి తెలిసిన కాయలవి.

జట్టు గురించంటారా,
నాకు ఆట చూడ్డం రాదు.
మరకలు చదవడం వచ్చు.

అదెరీతు చొక్కాకి
ఎప్పుడూ ఎడమ భుజం మీదే మట్టి.
అటే పడతాడు.
కుడి మోకాల్ని ఇంకా నమ్మడం లేదన్నమాట.
డాక్టరుకి చెప్పాను. నవ్వాడు.
తర్వాతి వారం నవ్వలేదు.

రోటర్‌డామ్ నుంచి వచ్చిన కుర్రాడు, పదిహేడో నంబరు,
మా క్రియోలు మాట్లాడితే
నోట్లో వేడి దుంప ఉన్నట్టుంటుంది.
వాళ్లమ్మమ్మది ఫోగు దీవి, కొండ నిప్పు కక్కే చోట ఇల్లు.
మొదటిసారి వాడి చొక్కా నా దగ్గరికి
మడత నలగకుండా వచ్చింది.
చెమటలో కూడా సెంటు.
నిన్నటిది చూడండి,
మెడ చుట్టూ ఎర్రమన్ను,
పక్కన జానెడు చిరుగు,
ఛాతీ దగ్గర పంటి గాట్లు.
గోలు తప్పినప్పుడు పట్టి కొరుక్కుని ఉంటాడు.
"వీడు మనవాడయ్యాడు" అన్నాను సిల్వీనుతో.
అతను చిరుగు ఖరీదు అడిగాడు.

గోల్‌కీపరు నెల్మారుకి ముప్పై తొమ్మిది.
చంకల్లో రంగు వెలిసిపోయింది,
కొత్తది ఇస్తానంటే వద్దంటాడు.
"ఇందులో నేను ఆపిన బంతులున్నాయి బెలార్మినా."
ఆపనివీ ఉన్నాయి నాయనా,
ఎంత బాదినా వదల్లేదు.

ఇవన్నీ ఆ పెద్దమనుషుల లెక్కలో ఉన్నాయో లేవో.

నిన్న, విమానానికి ముందురోజు,
మిద్దె మీద తీగలన్నీ నిండేక
తూర్పు గాలి లేచింది.
ఎడారి, సముద్రం దాటి వచ్చి
తడి చొక్కాల మీద కూర్చుంది.
ఇరవై మూడూ ఒకే రంగు, ఎండిన ఇటుక రంగు.
కుళాయి తిప్పితే గాలి.

మనవడు జోయ్ చేపల తోపుడుబండి తెచ్చాడు.
జట్టునంతా అందులో కుక్కి
గంబోవా ఒడ్డుకి తోసుకుపోయాం.
ఉప్పునీళ్లలో సబ్బు నురగ కట్టదు,
పాలు విరిగినట్టు విరుగుతుంది.
మోకాళ్ల లోతులో నిలబడి
ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి తిడుతూ
రాయి మీద వేసి కొట్టాను.
అల వచ్చి పదకొండో నంబర్ని లాక్కుపోబోతే
జోయ్ చెయ్యి పట్టుకుని ఆపినట్టు
చొక్కా చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆరేసరికి చీకటి పడింది.
నీలం గుడ్డ మీద తెల్లటి చారలు,
ఇంకా ఎవరూ పరిగెత్తని చెమట.
తొడుక్కుంటే గీరుకుంటుంది.
గీరుకోనీ.

రెండు ఓటములు, ఒక డ్రా, అంటోంది రేడియో.
కావచ్చు. వాళ్లు చదువుకున్నవాళ్లు.
సిల్వీను సంచులు లెక్కపెట్టి సంతకం చేయించుకున్నాడు,
ఉప్పు సంగతి నేను చెప్పలేదు.

బండి కింద, తడిసి,
ఇసకతో బరువెక్కి ఒక మేజోడు దొరికింది ఇప్పుడే.
ఎవరిదో తెలీదు.
విమానం ఆరింటికి.
జోయ్, చెప్పులు తర్వాత, పరిగెత్తు.