నాలుగో చక్రం

మా బడిలో సంగీతానికి గది లేదు.
ఉన్న గదిని రెండేళ్ల కిందట
చదవడం కూడబలుక్కునే పిల్లలకిచ్చారు.
తప్పని ఎలా అంటాను?
నాకో బండి ఇచ్చారు,
లైబ్రరీ వద్దనుకున్న పుస్తకాల బండి.
మూడు చక్రాలు చెప్పినట్టు వింటాయి.
నాలుగోది తన పాట తనది.

టొలీడోలో డిసెంబరు.
బస్సు దిగిన బూట్ల మంచు
కారిడారు పొడుగునా బుల్లి మడుగులవుతుంటే
వాటి మధ్యనుంచి తోసుకుపోతాను:
ఇరవై ఆరు జతల కర్రలు,
పదకొండు డప్పులు, సగం గజ్జెలు రాలిన పట్టీ,
ఫా పలక పోయిన జైలోఫోను.
పాటలో ఆ చోటు రాగానే
అందరం నోటితో పూడుస్తాం.
ఏడాదంతా అపశ్రుతి పలికే పిల్లలకు
ఆ ఒక్క స్వరం మాత్రం తప్పదు.

గదికి అరగంట.
భాగహారం మధ్యలో దూరతాను,
"బోర్డు చెరపకండి" అంటుంది టీచరు.
శేషం కింద మిగిలిన జానెడు జాగాలో
అయిదు గీతలు గీస్తాను.

సూప్ అంటే ఒక దెబ్బ,
పిజ్జా అంటే రెండు,
పెప్పరోని అంటే గబగబా నాలుగు.
చప్పట్లు బాగానే పడ్డాయి కానీ
పొద్దున ఏమీ తినకుండా వచ్చిందెవరో
మొహాల్లో కనిపించింది.
ఆ పాఠాన్ని మధ్యాహ్నం తరగతులకు మార్చాను.

బ్రాడీపేటలో మా మేడమ్
శ్రుతిపెట్టె ముందు కూర్చోబెట్టి
ఆరు వారాలు ఒక్క స లోనే ఉంచింది నన్ను.
దాటి రి లోకి అడుగు పెట్టిన రోజు
ఊరు మారినట్టనిపించింది.
ఇక్కడ నాకున్నవి ముప్పై ఆరు అరగంటలు.
మొత్తం కలిపితే
ఏడాదికి ఒక్క రోజైనా నిండదు.

అందుకే చేతులకు నేర్పాను.
డో బొడ్డు దగ్గర, సో గడ్డం దగ్గర, లా కళ్లకెదురుగా.
గొంతు సిగ్గుపడితే
చెయ్యి పాడుతుందని చెప్పాను.
ఈ మాట చెప్పింది అసలు జబారి కోసం.
మూడో తరగతి, కిటికీ వరస,
ఆగస్టునుంచి పెదవి విప్పలేదు.
వాడు చెయ్యీ ఎత్తలేదు.
చొక్కా చేతుల్లోకి వేళ్లు లాక్కుని
నన్ను కాక బండిని చూసేవాడు.

క్రిస్మస్ సెలవుల్లో కొవాల్‌చిక్,
బడి ఊడ్చి, బాయిలర్లు చూసుకునే పెద్దాయన,
నా మీద జాలిపడి
నాలుగో చక్రానికి నూనె పోశాడు.

జనవరి మొదటి సోమవారం
పిల్లిలా నడిచింది బండి.
పద్నాలుగో గది తలుపు తీస్తే
బల్లలు జరిపి లేవు, పుస్తకాలు మూసి లేవు.
"మీరొస్తున్నట్టు వినపడలేదే!" అంది మారిసోల్
నేనేదో మోసం చేసినట్టు.

అప్పుడు కిటికీ వరసలోంచి
సన్నగా, ముక్కుతో, ఒక కూత.
ఆగి, మళ్లీ అదే.
జైలోఫోను మీద వెతికాను.
లా. నా లెక్కలో ధ.
వెంట్రుకవాసి తేడా లేదు.
"చక్రం! అది చక్రం!" అని
గదంతా ఎగిరింది,
ఇరవై మూడు గొంతులు కీచుమన్నాయి,
నీళ్ల కుళాయి దగ్గర మలుపులో
అది పైకి జారే జారుడుతో సహా.
నేను నేర్పనిదంతా వాళ్లకొచ్చు.
జబారి మటుకు తల బల్లకానించేశాడు.
చెవులు మాత్రం ఎర్రగా.

ఈ సంగతి విని కొవాల్‌చిక్
టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు,
"తుడిచెయ్యనా?" అన్నాడు.
వద్దన్నాను. ఎందుకో తెలీదు.

ఇప్పుడు మార్చి.
రోడ్లమీద చల్లిన ఉప్పంతా
బూట్లతో లోపలికొచ్చి
చక్రం నూనె తాగేసింది.
ఇవాళ కుళాయి మలుపు దగ్గర
గొంతు సవరించుకుంటున్నట్టు చిన్న కిర్రు.

తలుపు తీశాను.
బల్లలన్నీ గోడకు జరిపి ఉన్నాయి.
కిటికీ వరసలో ఒక చెయ్యి
కళ్లకెదురుగా లేచి,
ఒక్క క్షణం ఆలోచించి,
అర అంగుళం కిందికి దిగింది.

నిజమే. కొంచెం తగ్గింది.