పెట్టె

నా ఆఫీసుకు నాలుగు చక్రాలు.
డ్రైవరు పక్కన ఖాళీ సీటు నా బల్ల,
మోకాళ్ల మీద లాప్‌టాప్,
పెట్రోలు బంకు కాఫీ డాష్‌బోర్డు మీద చల్లారుతూ.
వడగళ్లు పడ్డ తోటలన్నీ తిరిగి
నూటికి ఎంత పోయిందో రాసే ఉద్యోగం.
కనెలోనెస్‌లో రైతులు నన్ను
వాన వెలిశాక వచ్చే మనిషిగా ఎరుగుదురు.

నా మెడ నన్ను ఇంకోలా ఎరుగు.
రాత్రి అటు తిరిగితే భుజం,
ఇటు తిరిగితే చిటికెనవేలు దాకా తిమ్మిరి.
మా అక్క ఓరోజు అనేసింది:
"నెలిదా, జారిపోయిన నాణెం వెతుక్కుంటున్నట్టు
నడుస్తున్నావే."
తలవంపుల పని కాదే ఇది, అన్నాను.
అని, తల ఎత్తబోతే కలుక్కుమంది.

కంపెనీ ఒకాయన్ని పంపింది.
పేరు ఎడిసన్. ఉరుగ్వేలో ఇలాంటి పేర్లు మామూలే.
మా ఇంట్లో దీపం స్విచ్చి ఆయనకు దొరకలేదు.
దర్జీలా టేపు తీసి
కంటి నుంచి తెరకు,
మోచేతి నుంచి మీటలకు,
మడమ నుంచి నేలకు కొలిచాడు.
గౌను కుట్టించుకునేదానిలా ఊపిరి బిగబట్టి కూచున్నాను.

తెర పైఅంచు కంటికి సూటిగా రావాలట.
మోచేతులు పక్కటెముకలను వదలకూడదట,
మణికట్టు మడత పడకూడదట.
"మీటలూ తెరా అతుక్కుని పుట్టిన కవలలమ్మా,
ఒకటి నీ చేతికి అందితే ఒకటి నీ మెడ వంచుతుంది,
విడదీయక తప్పదు" అంటూ
సంచిలోంచి విడి కీబోర్డు తీశాడు.
మరి స్టాండు?
నెలాఖరుకు వస్తుంది.
అందాకా అని, వంటింటి అరలోంచి
కిలో యెర్బా పొట్లాలు రెండు తెచ్చి
లాప్‌టాప్ కింద దొంతర పెట్టాడు.

స్టాండు రాలేదు.
పొట్లాలు కారెక్కాయి, నాతో ఊళ్లు తిరిగాయి.
కానీ మాతే తాగకుండా ఎవరుండగలరు?
పై పొట్లం మూతి విప్పాను.
వారానికో వేలెడు చొప్పున తెర దిగసాగింది.
జీతానికి ఇంకెన్నాళ్లో
క్యాలెండరు కంటే ముందు నా మెడకే తెలిసేది.

ఫిబ్రవరి. కోతకు పది రోజులనగా
దోన్ ఒరోస్మన్ ద్రాక్షతోట మీద పడ్డాయి,
పావుగంట.
ఆయన వంటగదిలో పొట్టి బల్ల, ఇంకా పొట్టి స్టూలు.
పొట్లాలు తెచ్చుకోలేదు, అయిపోయాయి.
వంగి కూచుని అడిగాను తెరనే:
ఎన్ని వరసలు,
తీగల వయసెంత,
చివరిసారి మందు ఎప్పుడు కొట్టారు.
తెర పైనుంచి ఎవరిదో గొంతు జవాబు చెప్పింది.
తర్వాత చెప్పలేదు.
కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు చప్పుడు.

కోపమొచ్చిందనుకున్నాను.

ఆయన తిరిగొచ్చాడు, చేతిలో ఖాళీ ద్రాక్షపెట్టె.
చొక్కా చేత్తో దుమ్ము తుడిచి, బోర్లించి,
గుడ్ల తట్ట దించినంత నెమ్మదిగా
నా లాప్‌టాప్‌ను దానిమీద పెట్టాడు.
"మా ఆవిడ ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కింది,
ఆ వంపు నాకు తెలుసు" అన్నాడు.
వద్దండీ అన్నాను.
"ఉండనీ. ఈ ఏడాది దీనికి వేరే పనేం లేదు."

కీబోర్డు ఒళ్లోకి తెచ్చుకున్నాను.
వెన్ను ఒక్కో పూసా లేచి నిలబడింది.
తెర పైఅంచుకు సరిగ్గా ఆనుకుని
ఆయన కళ్లు.
ఆ వెనక కిటికీలో చిరుగుల ఆకులు.

ఫారం అడుగున ఒక ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది:
పాలసీదారు నుంచి ఏమైనా స్వీకరించారా?
లేదు, అని కొట్టాను.
మోచేతులు పక్కటెముకలను వదల్లేదు,
మణికట్టు మడత పడలేదు.

రాత్రి కారులో చూశాను,
లాప్‌టాప్ అడుగున ఊదా మరక,
నిరుటి తన్నా ద్రాక్షది.
తడిగుడ్డతో రుద్దాను.
కొంత పోయింది.
నూటికి ఎంతో లెక్కకట్టలేదు.