విలువ అన్న గడి

టెక్కలి నుంచి పాతపట్నం పల్లెవెలుగులో
పందొమ్మిదేళ్ళు టికెట్లు కొట్టాను.
నా భుజం సంచిలో చిల్లర ఎప్పుడూ తక్కువే,
గింజలకి మాత్రం లోటు లేదు.

"కండట్రు బాబూ, చాపర కాడ మా మరదలు నిలబడుంటాది,
దాని సేతిలో ఎట్టీ" అంటూ
బస్సు ఆగకముందే కిటికీలోంచి ఒక మూట.
పాత రవికె ముక్కలో నేతిబీర,
మందుల చీటీలో ముళ్ళవంగ,
బూడిద పట్టించిన ఆనప గింజలు.
ముట్టుకుంటే రెండు స్టేజీలు దాటినా
వేళ్ళకి పొయ్యి వాసన.

ఒకసారి చెకింగ్ ఆయన మూట విప్పించి
"దీనికి లగేజీ కొట్టావా?" అన్నాడు.
ఎంతకని కొట్టను?
నా అరచేతిలో చారెడు గింజలు,
ఇచ్చినామె లెక్కలో ఒక పందిరి.
చివరికి ఆయనే నాలుగు జేబులో వేసుకుని
"మా పెరట్లో కొంచెం జాగా ఉందిలే" అని
దిగిపోయాడు.

కొరికాన గున్నమ్మ మాత్రం
పేరు చెప్పకుండా గింజ ఇచ్చేది కాదు.
పిల్లిగోరు చిక్కుడు:
కాయ కొన వంకర, గింజ మీద కాటుక గీత.
"కొన్న ఇత్తనం ఒక్క పంటకే సుట్టం బాబూ,
ఇది ఇంటి మనిసి.
దాసుకున్నోడి కాడ పురుగు పడతాది,
పంచినోడి కాడ..."
అనేలోగా ఆమె స్టాపు వచ్చేసేది.

ఓ ఆషాఢంలో ఆమె ఇచ్చిన మూటకి
మెళియాపుట్టిలో ఎవరూ చెయ్యి చాపలేదు.
మర్నాడు గున్నమ్మ స్టాపులో గున్నమ్మ లేదు.
ఆ తర్వాతా లేదు.

మూడు రోజులు దాటితే డిపోలో అప్పగించాలి, రూలు.
గొడుగు, టిఫిన్ డబ్బా, ఎడమకాలి చెప్పు,
వాటి కింద లోకనాథం రాశాడు:
చిక్కుడు గింజలు, పదకొండు.
విలువ అన్న గడి దగ్గర
పెన్ను కొరుక్కుని కొరుక్కుని
ఖాళీగా వదిలేశాడు.

స్టోర్ రూములో ఎలకలు.
నాకు నిద్ర పట్టలేదు.
సొంతదారు అన్నచోట నా సంతకం పెట్టి,
పందొమ్మిదేళ్ళ సర్వీసులో అదొక్కటే దొంగ సంతకం,
మూట విడిపించి
కండెమ్ అయిన బస్సు పక్కన పాతాను.

ఏడు మొలిచాయి.
మార్గశిరానికి తీగ స్టీరింగు పట్టుకుంది,
డ్రైవరు సీటు నిండా ఊదా పూలు.
వేలంవాళ్ళు క్రేను తెచ్చిన రోజు
మెకానిక్ కూర్మారావు అడ్డం నిలబడ్డాడు:
"గింజ ముదరనీండి సార్,
ఈ బండికింక తొందరేటుంది?"

రెండేళ్ళయింది.
మెళియాపుట్టి స్టాపులో ఒక గుంట, బస్సెక్కకుండా,
"మా పెద్దమ్మ అప్పుడేదో అంపిందట..." అంది.
సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు ఇచ్చాను.
లెక్కపెట్టలేదు.
ఒక గింజ తీసి బొటనవేలితో ఆ నల్లగీత రుద్ది చూసింది,
చెరిగిపోతుందేమోనన్నట్టు.
ఏమీ అనకుండా చున్నీ కొసన ముడేసుకుంది.
రైట్ రైట్ అనడానికి నా గొంతు రాలేదు.
డ్రైవరే బండి కదిపాడు.

ఆ రాత్రి రిజిస్టరు తీసి
"సొంతదారుకి అందింది" అని రాసి
నా సంతకం కొట్టేశాను.
విలువ అన్న గడి
లోకనాథం వదిలినట్టే ఉంది.
నేనూ ముట్టుకోలేదు.