పావు తిప్పు

ఉమ్ అల్ ఖువైన్, పాత రేవు.
పొద్దుగాల ఎనిమిదింటికే ఇనుము కాలుతది.
బోటు కడుపుల బోర్ల పండుకున్న.
ఇంజనుకూ పక్క చెక్కకూ నడుమ
చెయ్యి పట్టేంత సందు,
తల పట్టనంత.

కంటికి ఆనని తావుల పని నాది.
వేళ్ళతోనే చూడాలె.

సిరిసిల్లల సాంచ నడిపినోణ్ణి,
ముప్పై రెండేండ్లు నిండేదాక సముద్రం చూడలె.
ఇక్కడ మొదటి దినం
దాద్‌కరీం ఉస్తాదు, మక్రాన్ బలూచి,
కుడి చేతికి మూడున్నర వేళ్ళు,
ఒక పాత హోసు పైపు నా ముంగట పడేసి
"ఇది ఊడితే ఏమైతది?" అనడిగిండు.
"ఇంజను వేడెక్కుతది" అన్న.
నవ్విండు.
"ఇంజను సంగతి తర్వాత. ముందుగాల దరియా లోపలికొస్తది.
చుట్టమోలె గడప కాడ నిలవడదు,
ఇంటాయన లెక్క వస్తది."

రెండు క్లాంపులన్నడు.
నీటి గీత కింద ఎన్నడైనా రెండు.
ఒకదాని మర ఇటు, ఇంకోదాని మర అటు,
అలిగిన ఆలుమొగల తీరు పెడమొకాలు పెట్టుకొని
ఒక్క పైపునే పట్టుకోవాలె.

కొసకు మరీ దగ్గరైతే జారుతది.
లోపలి గొట్టం దాటి పెడితే
గాలిని పిసికినట్టే.
"గొట్టం ఎక్కడిదాక పోయిందో
పైన సుద్దతో గీత గియ్యి.
నీ బలమంత ఆ గీత లోపట్నే."
గ్రీసు వద్దు, సబ్బునీళ్ళు చాలు.
అంచులు మడిచిన పట్టీ తే,
గాట్ల పట్టీ రబ్బరును కోస్తది.

తర్వాత జేబుల నుంచి అయస్కాంతం తీసిండు,
పగిలిన రేడియో స్పీకరుది.
పట్టీ మీద పెడితే జారి పడ్డది.
మర మీద పెడితే టక్కున అంటింది.
"చూడు, ఒళ్ళు అసలు, ప్రాణం నకలీ.
ఆరు నెలలు.
పట్టీ మెరుస్తనే ఉంటది, పట్టుండది."
నాకు జగిత్యాల ఏజెంటు యాదికొచ్చిండు,
వాని కాయితం, దాని మీది బంగారు రంగు ముద్ర.
ఆ అయస్కాంతం అప్పుడే దొరికుంటే
వాని నాలిక మీద పెట్టి చూసేటోణ్ణి.

బిగించుడు మాత్రం నాకెవలు నేర్పలె.
పడుగు బిగువు తెలిసిన చెయ్యి.
ఎక్కువైతే తెగుతది, తక్కువైతే వేలాడుతది,
నడుమ ఒక తావుంటది,
వేలు ఆడిస్తే పోగు సన్నగ పలుకుతది.
రబ్బరు పలకదు.
పట్టీ అంచున నువ్వుగింజంత ఉబ్బుతది.
ఆగాలె అక్కడ.
సోంపేట నుంచి వచ్చిన పిలగాడు దానయ్య
స్క్రూడ్రైవరును పగబట్టినట్టు తిప్పుతడు.
"రబ్బరు నీకేం బాకీ ఉందిరా?" అంట నేను.

నిరుడు చలికాలం
ఒక చేపల బోటు యజమాని ఎక్కి కూసున్నడు,
"ఒక్కటి చాలు, తెల్లారి పోవాలె" అని.
ఒక్కటే పెట్టిన.
రాత్రి మూడింటికి, రేవులనే, కట్టేసిన తాడు మీదనే,
బోటు మెల్లగ కిందికి కూసున్నది.
మనుషులెవలు లేరు. పొద్దున
రెండు దిండ్లు, ఒక గోడ గడియారం తేలుతున్నయి.
గడియారం నడుస్తనే ఉంది.
ఉస్తాదు ఒక్క మాట అనలె.
నా చాయ్ గ్లాసు పక్కన
కవరు చింపని క్లాంపు ఒకటి పెట్టి పోయిండు.
అది ఇప్పటికీ నా మెత్త కింద ఉంది.

ఇంజను ఒక దినం నడిచి, వేడెక్కి, చల్లారినంక
రబ్బరు కొంచెం కుంగుతది.
అప్పుడు ఇంకో పావు తిప్పు.
బిల్లుల దానికి వరుస లేదు.

ఇయ్యాల శుక్రవారం, సెలవు.
రూముల చికెను ఉడుకుతున్నది.
ఏడో నంబరు పానా లుంగీ మడతల పెట్టుకొని
రేవు దాక నడిచొచ్చిన.
సందుల చెయ్యి పెట్టిన.
మొదటి క్లాంపు కదలలె.
రెండోది పావు తిరిగింది, ఆగింది.
వేలు కిందికి జరిపి తడిమిన.
పొడి.
ఉప్పు గరుకు గూడ లేదు.