గింజ ఉన్నవాడే లోపలికి

పెనుకొండ దాటినాక, హైవే పక్కన,
వెల్డింగ్ షాపులో రాత్రి రెండూ పదిహేడు.
మూడో రోబో చేతిలో తలుపు.
నాలుగో రోబో చేతిలో తలుపు.
రెండూ ఆగిపోయాయి,
ఇరుకు సందులో ఎదురుపడిన గడ్డిబండ్ల మాదిరి.

ఎర్రదీపం వెలగలేదు.
ఎందుకు వెలగాలి? ఎవరూ తప్పు చేయలేదు.
సెన్సార్లు సరే, మోటార్లు సరే, గాలి ఒత్తిడి సరే.
నువ్వు దించితే నేను దించుతానని ఒకటి.
నువ్వు దించితే నేను దించుతానని
ఇంకొకటి.
నిప్పురవ్వలు ఆగిన ఆ షెడ్డులో మొదటిసారి
రేకుల మీద గాలి చప్పుడు విన్నాను.

పాత మోడల్ ఒక్కటే నడిచిన రెండేళ్లూ
పని ఎడమ నుంచి కుడికే పారింది, కాలవ నీళ్లలాగా.
మొన్న సోమవారం షెడ్యూల్లో కొత్త మోడల్ దూరింది.
అది కుడి నుంచి ఎడమకు.
ఆ షెడ్యూల్ రాసింది నేనే.
కంప్యూటర్లో నలభై వేల కార్లు నడిపి చూస్తే
ఒక్కసారీ ఎదురుపడలేదు.
నలభై వేల ఒకటోది నిజం కారు.

రెండు చేతుల్నీ మాన్యువల్లో విడదీసి వచ్చి
క్యాంటీన్ బల్ల మీద సుద్దముక్కతో సున్నాలు గీశాను.
సున్నా అంటే చోటు. అడ్డగీత అంటే పని.
సుంకమ్మ గుప్పెడు వేయించిన శెనక్కాయ గింజలు పోసింది,
"ఏందిమ్మే, ఈ అద్దరాత్రి పులిజూదమా?"
గింజ జరిగితే తలుపు జరిగినట్టు.
ఇటు రెండు, అటు రెండు.
ఏడో ఎత్తుకు ఏ గింజకూ దారి లేదు.

ఫక్రుద్దీన్ వేలు గాల్లోనే ఉంది.
"మా దాదా ముదిగుబ్బ స్టేషన్లో పాయింట్స్‌మన్," అన్నాడు.
"ఒకటే లైను. అటు బండీ ఇటు బండీ దాని మీదనే.
ఇనప గుండును తోలుసంచిలో ఏసి, బెత్తం రింగుకు కట్టి
డ్రైవర్‌కు అందిచ్చేవాడంట, బండి నిలబడకుండానే.
గుండు చేతికొస్తేనే ముందుకు పోవల్ల.
ఆ బండి ఇసిరేసే రింగు తగిలి తగిలి
కుడిబుజం మీద కమిలిన మచ్చ, సచ్చేదాకా పోలేదు."

ఇంకో సున్నా గీశాను, రెండు దారుల నడుమ.
అందులో ఒకే ఒక్క గింజ.
లోపలికి పోయేవాడు తీసుకుపోవాలి,
బయటికొచ్చేవాడు పెట్టిపోవాలి.
ఎనిమిది, తొమ్మిది, ముప్పై, అరవై ఎత్తులు,
గింజలు నడుస్తూనే ఉన్నాయి.
అరవై నాలుగో ఎత్తుకు నడిమి సున్నా ఖాళీ.
బల్ల కింద వెతికాం. గ్లాసుల కింద వెతికాం.
ఫక్రుద్దీన్ నములుతున్నాడు.
"తినేసినావు కదబ్బా! ఇంక ఏ బండీ కదలదు."
సుంకమ్మ నవ్వి నవ్వి
తడిగుడ్డతో రెండు సున్నాలు తుడిచేసింది కూడా.

అందుకే ప్రోగ్రాములో ఒక వరస ఎక్కువ రాశాను,
గింజ పోతే ఎవరిని లేపాలో.

నాలుగూ పదికి మీట నొక్కాం.
మూడో రోబో గీత దాకా వచ్చి
ఖాళీ చేత్తో ఆగింది.
రాత్రంతా చూసిన ఆగడం కాదు ఇది.
నాలుగోది తలుపు దించి, పక్కకు తిరిగింది.
నిప్పురవ్వలు లేచాయి.

పొద్దున మేనేజరు ఎర్రసిరాతో చుట్టి పంపిన కాగితం:
కారుకు నాలుగు సెకన్లు ఎక్కువ, ఎందుకు?
సోమందేపల్లి బస్సులో జవాబు రాస్తున్నాను.
"ఎదురుగా వచ్చేవాళ్ల కోసం" అని రాసి,
రిపోర్టులో ఇట్లా రాయరని కొట్టేసి,
మళ్లీ అదే రాశాను.
గోటి సందున ఎర్రపొట్టు ఇరుక్కుంది,
ఎంత గీకినా రావడం లేదు.